పింఛను ఇస్తారు, కూర్చోమని మాత్రం అనరు

కిమిడి_మనవడు
మొన్న 15న మా నాయనమ్మని పంచాయతీ ఆఫీసుకి తీసుకెళ్లాను. నాది విశాఖలో ఉద్యోగం, సెలవు పెట్టి ఊరొచ్చాను. గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గరే మా ఊరు. ఒడిశాలో ప్రతి నెలా 15న ముసలివాళ్లకి, భర్త పోయినవాళ్లకి, దివ్యాంగులకి పంచాయతీ దగ్గర భత్తా, అంటే పింఛను, ఇస్తారు కదా, దానికి.

నాయనమ్మకి 74 ఏళ్లు. ఏడింటికల్లా వెళ్లి వరసలో నిలబడ్డాం. పదకొండుకి బల్ల వేశారు. నీడ లేదు, కుర్చీ లేదు. ఉన్న ఒక్క బెంచీ మీద వార్డు మెంబర్లు కూర్చున్నారు. ముసలివాళ్లంతా చెప్పులు వరసలో పెట్టి గోడ పక్కన కింద కూర్చున్నారు. మా వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. బల్ల దగ్గరున్న అతను, నాయనమ్మకి మనవడి వయసు ఉంటుందేమో, ‘తు’ అని పిలిచాడు, ఒడియాలో ‘నువ్వు’ అని చులకనగా అనడం. వేలిముద్ర పడలేదు. ‘చెయ్యి కడుక్కుని రా’ అన్నాడు. కడుక్కుని వచ్చింది. మళ్లీ పడలేదు. నాలుగోసారికి పడింది. వెయ్యి రూపాయలు బల్ల మీదికి విసిరాడు, ఒక నోటు కింద పడింది. వంగి తీసుకుంది.

దారిలో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ‘ఇక నన్ను అక్కడికి తీసుకెళ్లకురా, నాకొద్దు ఆ డబ్బు’ అంది. ఆవిడ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

అన్ని పంచాయతీల్లో ఇలాగే ఉంటుందా? దీన్ని మార్చడానికి ఎక్కడ మొదలుపెట్టాలి? ఒకరిద్దరి మీద కంప్లైంట్ ఇచ్చి ఊరుకుంటే సరిపోతుందనిపించడం లేదు.

జీడితోట
మా అమ్మది కూడా ఇదే కథ. వేలిముద్ర అస్సలు పడదు. ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టింది. పిక్క తొక్కలో నూనె ఉంటుంది చూడండి, అది చర్మాన్ని తినేస్తుంది. వేళ్లు నున్నగా అయిపోయాయి. కష్టపడి పనిచేసినందుకే మిషన్ ‘నువ్వు నువ్వు కాదు’ అంటుంది.

గంజాం_గోపాలం
బాధ అర్థమైంది కానీ తమ్ముడూ, అసలు సంగతి డబ్బు. ఇక్కడ 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి నెలకి 1000. అది కూడా 2024 ఫిబ్రవరి నుంచి, అంతకుముందు 500. అందులో ఢిల్లీ వాటా ఎంతో తెలుసా? 200. 2007లో ఎంతో ఇప్పుడూ అంతే. 80 దాటాకే ఆ వాటా 500. ఆ రోజుల్లో 200కి వచ్చిన సరుకు ఇప్పుడు వస్తుందా? ముందు ఆ 1000ని 4000 చెయ్యమనండి. మర్యాదతో కడుపు నిండదు.

పాతపట్నం_బస్సు
నాది అవతలి పక్క, ఆంధ్రా. పర్లాకిమిడి నుంచి నడిచి వచ్చేయొచ్చు, ఊళ్లు రెండూ కలిసే ఉన్నాయి. మా అత్తకి 1వ తారీకు పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి 4000 చేతిలో పెట్టి వెళ్తారు. 2024 జులై నుంచి అంత. అత్త ఆ రోజు ముందే లేచి ముగ్గు వేసి కూర్చుంటుంది. ఈ గట్టుకి ఆ గట్టుకి ఇంత తేడా ఏంటో నాకూ అర్థం కాదు.

గంజాం_గోపాలం
చూశారా, నేను చెప్పింది అదే. 4000 ఇస్తే ఎవరూ నాకొద్దు అనరు.

పాతపట్నం_బస్సు
కాదండీ. మీరు నా మాట సగమే తీసుకున్నారు. 2024 ఎన్నికలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో వాలంటీర్లు ఇంటికొచ్చి ఇవ్వకూడదన్నారు. ఏప్రిల్‌లో సచివాలయానికి రమ్మన్నారు, మేలో బ్యాంకుకి వెళ్లమన్నారు. డబ్బు అంతే, మనిషి అంతే. అత్త ఎండలో వెళ్లి బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. డబ్బు తగ్గినందుకు కాదు.

బరంపురం_పద్మ
మనవడు గారూ, చదువుతుంటే గుండె పట్టేసింది. నోటు కింద పడటం, ఆవిడ వంగటం. మీరు ఆ అబ్బాయిని ఏమీ అనలేదా?

కిమిడి_మనవడు
అనబోయాను పద్మక్కా. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. ‘వచ్చే నెల కూడా వాడి దగ్గరికే రావాలి’ అంది. నాకు ఆ నోటు కంటే ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

రాయగడ_రాము
ఇక్కడ ఒక విషయం గమనించండి. మీ నాయనమ్మ ‘నాకొద్దు’ అనగలిగింది. ఎందుకు? మీ జీతం ఉంది కాబట్టి. ఆ వరసలో ఆవిడ వెనక నిలబడ్డవాళ్లలో ఎంతమంది ఆ మాట అనగలరు?

మా వైపు నుంచి ఇటుక బట్టీలకి వెళ్తారు. మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు, దాదన్ అంటారు దాన్ని. ఆ అడ్వాన్స్ తీసుకున్నాక ఇంక నోరు ఉండదు. తిట్టినా, కూలి తగ్గించినా, పిల్లకి జ్వరం వచ్చినా వెళ్లనివ్వరు. 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. కాగితం మీద అందరూ స్వతంత్రులే. మా చిన్నాన్న అలా ఒక సీజను వెళ్లొచ్చాడు. ఎంత సంపాదించావని అడిగితే చెప్పేవాడు కాదు. ‘అక్కడ నన్ను పేరుతో ఎవడూ పిలవలేదు’ అని మాత్రం చాలాసార్లు అనేవాడు.

అందుకని గోపాలం గారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. వద్దు అని చెప్పగలిగే ఆధారం లేకపోతే మర్యాద ఎదుటివాడి దయ అయిపోతుంది. కానీ డబ్బు ఒక్కటే చాలదు కూడా. రెండూ కావాలి.

గంజాం_గోపాలం
సరే, ఇది ఒప్పుకుంటాను.

ఉత్తర_కొండ
అసలు కారణం ఎవరూ చెప్పడం లేదు. మనం తెలుగువాళ్లం కాబట్టి ఒడియా ఆఫీసుల్లో అంతే చూస్తారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపిన రోజే అయిపోయింది.

కాశీనగర్_కనకం
తప్పు. మా నాన్న పడిపోయినప్పుడు ఆసుపత్రికి మోసుకెళ్లింది పక్కింటి ఒడియా అబ్బాయిలే. పంచాయతీ వరసలో ఒడియా ముసలమ్మలకి కుర్చీలు వేసి మనవాళ్లని నిలబెట్టారా? వాళ్లూ మనతోపాటు నేల మీదే కూర్చుంటారు.

పాతపట్నం_బస్సు
కనకం గారి మాటే నిజం. మా వైపు సంతలో మన తెలుగు వ్యాపారులే కొండల మీది సవర తెగ ఆడవాళ్లని ‘ఏయ్, ఇలా రా’ అని పిలవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. చింతపండు, పసుపు తూకంలో మోసం చేసింది కూడా మనవాళ్లే. భాష అడ్డం పెట్టుకుని తప్పించుకోలేం.

గుణుపురం_మాస్టారు
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. ముప్పై మూడేళ్లు బడిలో చేశాను, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

సవరల మాట వచ్చింది కాబట్టి మొదట గిడుగు రామమూర్తి గారి సంగతి. పర్లాకిమిడి రాజావారి బడిలో పనిచేశారు. అందరూ ఆయన్ని వ్యావహారిక భాష కోసం తలుచుకుంటారు, ఆగస్టు 29న దండలు వేస్తారు. నాకు ఆయన చేసిన ఇంకో పని పెద్దది. కొండ మీద నుంచి వచ్చిన సవరల్ని జనం చులకనగా చూస్తున్న రోజుల్లో ఆయన వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. ‘మీరు మా భాష నేర్చుకోండి, అప్పుడు మనుషులవుతారు’ అనలేదు. వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. మన్యంలో తిరిగి మలేరియా తగిలి, క్వినైన్ ఎక్కువై, చెవుడు వచ్చింది. ఆ తరవాత కూడా పని ఆపలేదు. ఒక మనిషిని గౌరవించడమంటే ఏమిటి అని పిల్లలు అడిగితే నేను ఇదే చెప్పేవాణ్ణి.

ఇక రెండోది. గౌరవం అనేది ఎవరి మంచితనం మీదో ఆధారపడ్డ విషయం కాదు. మన రాజ్యాంగం పీఠికలోనే ఉంది. స్వేచ్ఛ, సమానత్వం అయ్యాక సౌభ్రాతృత్వం అని వస్తుంది. ఆ సౌభ్రాతృత్వం ఎందుకంటే వ్యక్తి గౌరవాన్ని, దేశ ఐక్యతని నిలబెట్టడానికి అని రాశారు. గమనించండి, వ్యక్తి గౌరవం ముందు, దేశ ఐక్యత తరవాత. ప్రతి మనిషికీ గౌరవం దక్కకపోతే దేశం ఒకటిగా ఉండదని ఆ క్రమంలోనే ఉందని నేను అర్థం చేసుకున్నాను. 1981లో సుప్రీం కోర్టు కూడా 21వ అధికరణంలో చెప్పిన బతికే హక్కంటే జంతువులా ఊపిరి తీసుకోవడం కాదు, మానవ గౌరవంతో బతకడం అని తేల్చింది.

ఇంకొకటి, ఇది ఆడపిల్లలకి చెప్పడం నాకు ఇష్టం. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసింది. మొదటి వాక్యం ‘పురుషులందరూ’ అనే అర్థం వచ్చేలా ఉంటే, ‘మనుషులందరూ’ అని మార్పించింది మన దేశం నుంచి వెళ్లిన హంసా మెహతా గారు. గౌరవంలోనూ హక్కుల్లోనూ మనుషులందరూ సమానంగా పుడతారు అని ఇవాళ ప్రపంచమంతా చదువుతున్న వాక్యంలో ఆవిడ చెయ్యి ఉంది.

మీ నాయనమ్మ గారు వంగి తీసుకున్న ఆ నోటు దగ్గర ఇవన్నీ ఉన్నాయి బాబూ.

జీడితోట
మాస్టారూ 🙏 మీ క్లాసులో ఉంటే నేను టెన్త్ తప్పేవాణ్ణి కాదు.

గుణుపురం_మాస్టారు
ఇప్పుడైనా రాయొచ్చు. పుస్తకాలు నేనిస్తాను. నిజంగానే అంటున్నాను.

పేరు_వద్దు_16
నేను పంచాయతీలో చేస్తాను. ఏ పంచాయతీయో చెప్పను. మనవడు గారి ఊరు కాదు. ఇన్ని పోస్టులు చదివాక నా వైపు కూడా చెప్పాలనిపించింది.

మా దగ్గర భత్తా తీసుకునేవాళ్లు ఆరు వందల పైన. మేమున్నది ఇద్దరం, మిషన్ ఒకటి. నెట్‌వర్క్ పోతే గంట పోతుంది. డబ్బు బ్యాంకు నుంచి తేవాలి, నోట్లు లెక్క తప్పితే నా జేబులోంచి పోతుంది. రెండుసార్లు పోయింది. పొద్దున్న పది నుంచి సాయంత్రం వరకు మంచినీళ్లు తాగడానికి లేవను, లేస్తే వరస గొడవ. మూడు దాటాక నా నోట్లోంచి వచ్చే మాటలు నాకే నచ్చవు. ఒకసారి ఒక పెద్దాయన్ని గట్టిగా అరిచాను. ఆయనకి చెవి వినపడదు. అందుకే జవాబు చెప్పలేదు. అది తెలిశాక ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

నడవలేని వాళ్లకి ఇంటికెళ్లి ఇవ్వాలని మాకు చెప్పి ఉన్నారు. ఇస్తాం కూడా. కానీ ‘నడవలేరు’ అని ఎవరు తేలుస్తారు? మీ నాయనమ్మ గారిలాగ నడవగలరు కానీ నిలబడలేరు అనేవాళ్లే ఎక్కువ. వాళ్లు ఏ లిస్టులోనూ రారు.

నేను సాకులు చెప్పడం లేదు. నోటు విసరడానికి ఏ పని ఒత్తిడీ కారణం కాదు, అది తప్పే.

బరంపురం_పద్మ
మీరు ఇది రాసినందుకు చాలా థాంక్స్. నిజంగా.

రాయగడ_రాము
పేరు_వద్దు గారూ, ఒక ప్రశ్న. అందరినీ ఒకేసారి పొద్దున్నే రమ్మనడం రూలా, అలవాటా?

పేరు_వద్దు_16
అలవాటే. తారీకు ఒక్కటే నిర్ణయం. ఏ వార్డు ఏ టైముకి రావాలో మేం పెట్టుకోవచ్చు. ఎవరూ పెట్టలేదు అంతే. వార్డులవారీగా పిలిస్తే నాకు కూడా హాయి.

రాయగడ_రాము
ఇదిగో, ఇక్కడ ఒక తలుపు ఉంది.

మల్కన్‌గిరి_చిన్ని
మా వైపు కథ వేరు. బలిమెల రిజర్వాయరు వచ్చాక నీళ్ల వెనక చిక్కుకున్న ఊళ్లు 151. ఏళ్ల తరబడి వాటిని అందరూ కటాఫ్ ఏరియా అనేవాళ్లు. ‘ఎక్కడి నుంచి?’ అంటే ‘కటాఫ్’ అని చెప్పుకోవాలి, ఊహించండి. లాంచీ వస్తేనే ఆసుపత్రి. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచారు, 910 మీటర్లు. ఆ ప్రాంతానికి పేరు కూడా మార్చారు, స్వాభిమాన్ అంచల్ అని.

పేరు మారిస్తే ఏమవుతుందని మొదట నేనూ అనుకున్నాను. మా స్నేహితురాలిది అక్కడే. కాలేజీలో చేరినప్పుడు ఫారంలో ఆ పేరు రాసేటప్పుడు దాని మొహం చూశాను. వంతెన లేకుండా పేరు మారిస్తే ఒట్టి మాట అయ్యేది. పేరు మార్చకుండా వంతెన కడితే అదింకా కటాఫ్ పిల్లే. నాకు రెండూ అవసరమే అనిపించింది.

కోరాపుట్_కాఫీ
కొటియా ఊళ్ల గురించి కూడా ఒక మాట. ఇటు పొట్టంగి, అటు సాలూరు. ఆ ఊళ్లు ఒడిశావా, ఆంధ్రావా అని 1968 నుంచి కోర్టులో నలుగుతున్న గొడవ. జనం దగ్గర రెండు రాష్ట్రాల కార్డులు ఉంటాయి. ‘వాళ్లకేం, రెండు చేతులా తింటున్నారు’ అని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. నేను పని మీద ఆ ఊళ్లకి వెళ్తుంటాను. ఒక ముసలాయన నాతో అన్నాడు, ‘ఇద్దరూ వచ్చి నువ్వు మావాడివే అంటారు బాబూ. మా చేను గురించి అడిగితే మాత్రం ఇద్దరూ కోర్టు తేలాలి అంటారు.’ భూమి కావాల్సి వచ్చినప్పుడు మనిషి గుర్తుకు రావడం వేరు, మనిషి కోసం రావడం వేరు.

ఉత్తర_కొండ
పైన నేను భాష గురించి అన్నది తొందరపడి అన్నాను. కనకం గారూ, ఏమీ అనుకోకండి.

కాశీనగర్_కనకం
అయ్యో, అదేం మాట.

బరంపురం_పద్మ
ఒక విషయం చెప్పాలి. రెండు రోజుల నుంచి రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

మనమంతా బల్ల దగ్గరున్న అబ్బాయి గురించి మాట్లాడుతున్నాం. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకి నేను తొమ్మిదేళ్లుగా వేరే గ్లాసులో టీ ఇచ్చాను. స్టీలు గ్లాసు, అంచు కొంచెం సొట్ట. బయట కిటికీ దగ్గర పెట్టేదాన్ని. మా అత్తగారు పెట్టిన అలవాటు. నేను చదువుకున్నదాన్నే, ఎప్పుడూ ప్రశ్నించలేదు. మనవడు గారి మొదటి పోస్టు చదివిన రోజు సాయంత్రం ఆవిడ ఆ గ్లాసు తనే కడిగి, తనే తిరిగి కిటికీలో పెట్టుకుంటుంటే చూశాను. అన్నేళ్లూ అదే చేస్తోంది. ఆ రోజే కనిపించింది నాకు.

మర్నాడు మా కప్పుల్లోనే ఇచ్చాను. ఆవిడ తీసుకోలేదు. ‘నా గ్లాసు ఏమైంది అమ్మా, పోయిందా?’ అంది. ఏం చెప్పాలో తెలీలేదు. లోపలికి వచ్చి కూర్చోమన్నాను. కూర్చుంది కానీ కుర్చీ అంచున. టీ మొత్తం అలాగే తాగింది. ఇంకా అలవాటు కాలేదు. తనకీ, నాకూ కూడా.

జీడితోట
అక్కా...

రాయగడ_రాము
ఇది రాయడానికి ధైర్యం కావాలి పద్మ గారూ.

గంజాం_గోపాలం
మా వీధిలో డ్రెయినేజీ తీసేవాళ్లని ఇప్పటిదాకా నేను పేరు అడగలేదు. 2013లో చట్టం వచ్చింది, మురుగులోకి మనిషిని దింపి పని చేయించకూడదని. 2023 అక్టోబరులో సుప్రీం కోర్టు, అలా దిగి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలంది. ఈ రెండూ నాకు తెలుసు, ఎక్కడైనా చెప్తాను. మా వీధివాడి పేరు తెలీదు. ఇవాళ అడుగుతాను.

గుణుపురం_మాస్టారు
అడిగి మాకూ చెప్పక్కర్లేదు. మీరు పిలిస్తే చాలు.

కాశీనగర్_కనకం
2016 ఆగస్టు గుర్తుందా? కలహండిలో ఒకాయన ఆసుపత్రిలో చనిపోయిన భార్యని గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని నడిచాడు, పక్కన ఏడుస్తూ కూతురు. వాహనం దొరకలేదు. పది కిలోమీటర్ల పైనే నడిచాడు. ఆ తరవాతే శవాన్ని ఊరికి చేర్చడానికి మహాప్రయాణ వాహనాలు వచ్చాయి. ఇప్పుడు మా వైపు అవి తిరుగుతాయి, మా మేనత్త పోయినప్పుడు అందులోనే తెచ్చాం. ఒక్క మనిషి అంత దూరం మోస్తే తప్ప మనకి కనపడదా అని అప్పుడు అనుకున్నాను.

2024లో ఒక ముసలావిడ భత్తా కోసం పాకుతూ పంచాయతీకి వెళ్లిన వీడియో చూశాం. 2023లో నవరంగపూర్‌లో ఇంకొకావిడ విరిగిన కుర్చీ ఊతంగా ఎండలో బ్యాంకుకి నడిచింది. ప్రతిసారీ వీడియో వస్తే రెండు రోజులు అందరూ పరిగెడతారు. వీడియో లేని వాళ్ల సంగతి ఏంటి? మనవడు గారూ, మీరు వీడియో తియ్యలేదు, అదే నాకు నచ్చింది. కానీ ఇక్కడితో ఆపకండి.

ఉత్తర_కొండ
వీడియో తీస్తే తప్పేంటి? పని అవుతుంది కదా.

కాశీనగర్_కనకం
అవుతుంది. కానీ నాయనమ్మ వంగి నోటు తీసుకోవడం లక్షమంది చూస్తారు. ఆవిడని అడిగారా?

ఉత్తర_కొండ
అలా ఆలోచించలేదు.

కిమిడి_మనవడు
మీరంతా రాసినవి నాయనమ్మకి చదివి వినిపించాను. పద్మక్క పోస్టు రెండుసార్లు చదివించుకుంది. పేరు_వద్దు గారి పోస్టు విని, ‘పాపం, ఆ పిల్లాడికి నీళ్లు ఎవరూ ఇవ్వలేదా’ అంది. నాకు కోపం వచ్చింది, ఆవిడకి రాలేదు.

కంప్లైంట్ ఆలోచన పక్కన పెట్టాను, పూర్తిగా మానలేదు. అవసరమైతే ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్ జన శునాణిలో రాస్తాను, సోమవారం కలెక్టర్ గ్రీవెన్స్‌కి వెళ్తాను. ముందు సర్పంచ్‌ని కలిశాను. మూడు అడిగాను. వార్డులవారీగా టైము, కూర్చోవడానికి కుర్చీలు, వేలిముద్ర పడనివాళ్లని వెనక్కి పంపకుండా వేరే దారి. మూడోది నా చేతుల్లో లేదు, పైన అడుగుతానన్నారు. మొదటి రెండూ ‘ఎందుకు కుదరదు’ అన్నారు. అంతే. ఇన్నేళ్లు ఎవరూ అడగలేదట.

పేరు_వద్దు_16
మూడోదానికి గట్టిగా పట్టుబట్టండి. ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు తీర్పులో, వేలిముద్ర సరిపోలలేదని అర్హుల్ని తిప్పి పంపకూడదని ఉంది. వేరే గుర్తింపుతో, రిజిస్టరులో సంతకంతో ఇవ్వొచ్చు. మా వాళ్లు చాలామందికి ఆడిట్ భయం. రాతపూర్వకంగా పైనుంచి ఒక కాగితం ఉంటే ఇస్తారు.

జీడితోట
ఆ కాగితం వస్తే నాకు ఒక కాపీ పంపండి. మా అమ్మ బొటనవేలికి పసుపు రాసి, కొబ్బరినూనె రాసి, దేవుడికి దండం పెట్టి మరీ మిషన్ మీద పెడుతుంది.

గంజాం_గోపాలం
కుర్చీలు ఎక్కడివి?

కిమిడి_మనవడు
పెళ్లి సామాను అద్దెకిచ్చే ఆయన మా ఊళ్లోనే ఉన్నాడు. షామియానా కూడా.

పాతపట్నం_బస్సు
ముహూర్తాలు లేని నెల చూసుకోండి, లేకపోతే పెళ్లివారు కుర్చీల కోసం మన ముసలమ్మల మీద పడతారు 😀

కిమిడి_మనవడు
(నెల తరవాత)
నిన్న 15. చాలామంది మెసేజ్ చేసి అడిగారు, అందుకే రాస్తున్నాను.

నలభై కుర్చీలు, ఒక షామియానా. ఒకటి నుంచి మూడు వార్డులు ఎనిమిదింటికి, నాలుగు నుంచి ఆరు పదింటికి, మిగతావాళ్లు పన్నెండుకి. ముందు రోజు సాయంత్రం డప్పు వేయించి చెప్పించారు. అయినా సగం మంది పొద్దున్నే వచ్చేశారు, తమ టైము వచ్చేసరికి డబ్బు అయిపోతుందేమో అని భయం. ‘అయిపోదు, ఇంటికెళ్లి అన్నం తిని రండి’ అని చెప్పడానికే గంట పట్టింది. కొంతమంది వెళ్లలేదు. కుర్చీలున్నా కింద కూర్చున్నారు. ఒకాయన్ని మూడుసార్లు లేపి కూర్చోబెట్టాను. ‘బట్టలు మాసిపోయి ఉన్నాయి, కుర్చీ పాడవుతుంది’ అన్నాడు.

వేలిముద్ర పడనివాళ్లు నలుగురు. కాగితం ఇంకా రాలేదు. వాళ్లని మళ్లీ రమ్మన్నారు. ఇది ఓడిపోయినట్టే లెక్క, దాస్తే బాగుండదు. ఈ సోమవారం కలెక్టర్ ఆఫీసుకి వాళ్లతో కలిసి వెళ్తున్నాను.

నాయనమ్మ రానంది. తొమ్మిదిన్నరకి సర్పంచ్ గారి భార్య వచ్చి పిలిచింది. అప్పుడు చీర మార్చుకుంది. బల్ల దగ్గర అదే అబ్బాయి. లిస్టులో పేరు చూసి గట్టిగా చదివాడు. నాయనమ్మ వెంటనే లేవలేదు, ఆవిడ పేరు అని ఆవిడకే తట్టలేదు. ఊళ్లో అందరికీ తను ఫలానావాడి అమ్మ, లేకపోతే ముసలమ్మ. నేను చెప్పాక లేచింది. ‘బొసొంతు మావుసీ (కూర్చోండి పిన్నీ), నేనే తెస్తాను’ అని అతను మిషన్ పట్టుకుని కుర్చీ దగ్గరికి వచ్చాడు. ఎవరైనా చెప్పారో, తనకే అనిపించిందో తెలీదు, అడగలేదు. రెండోసారికి ముద్ర పడింది. డబ్బు చేతికిచ్చాడు.

నాయనమ్మ వచ్చేటప్పుడు కొంగులో మూట కట్టి తెచ్చిన రెండు అరటిపళ్లు అతని బల్ల మీద పెట్టి వచ్చింది.

పేరు_వద్దు_16
చదువుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. మా దగ్గర కూడా వచ్చే నెల నుంచి వార్డులవారీగా. మా సర్పంచ్ ఒప్పుకున్నారు. కుర్చీలకి బదులు బడి నుంచి బెంచీలు తెస్తాం.

గుణుపురం_మాస్టారు
సోమవారం నేనూ వస్తాను. అర్జీ ఒడియాలో రాసి పెడతాను, నలుగురి పేర్లు పంపండి.

జీడితోట
నలుగురు కాదు, మా అమ్మతో ఐదుగురు. నేనూ వస్తా.

రాయగడ_రాము
అద్దె ఎంత పడింది? మా ఊళ్లో లెక్క వేసుకోవాలి.

కిమిడి_మనవడు
ఆయన తీసుకోలేదు. వాళ్ల అమ్మ కూడా ఆ వరసలోనే ఉంది. డప్పుకి, నీళ్లకి మూడొందలు అయ్యాయి. నీళ్లకి పెద్ద డ్రమ్ము పెట్టాం కానీ గ్లాసులు రెండే. అందరూ ఒకరి తరవాత ఒకరు ఆగాల్సి వచ్చింది. వచ్చే నెలకి గ్లాసులు చూడాలి.

బరంపురం_పద్మ
గ్లాసులు నేను పంపిస్తాను. మా పుట్టిల్లు కిమిడిలోనే, తమ్ముడు తెచ్చి ఇస్తాడు. యాభై, అన్నీ ఒకే రకం.